గిడుగు రామమూర్తి పంతులుగారు

మనవైపు పల్లెలలో పాలిచ్చు నల్లని పశువును ఎనుము అందుము. కోస్తా జిల్లాలవారు దానిని గేదె యందురు. పట్టణమున చదువుకొని వచ్చిన మన పిల్లవాడు ఎనుమన్న మాట మోటుమాటయని తలచి, నలుగురిలో దానిని పలుకుటకు జంకును. ప్రాచీనకావ్యములు తిరుగవేసిన పండితునకో, ఆ మాటయే కావ్యశబ్దముగా కనబడును. అంగడికి పోయి వచ్చిన తల్లి నోట అది వాడుక. బడిపిల్లవాని నోట అది మోటు. నిఘంటువులో అది అపూర్వము. ఏది అపూర్వశబ్దము, ఏది వాడుకమాట, ఎవరి వాడుక వాడుక యను ఈ చిక్కును విప్పుటకై ఒక మహనీయుడు ముప్పదియేండ్లకు పైగా పోరాడెను. ఆయనయే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. మన గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ సమయమున, పుస్తకమును చేతబట్టిన పల్లెవాసికి ఆ పుస్తకములోని మాట తెలియవలెనని పట్టుబట్టిన ఆయనను తలచుకొనుట ఉచితమని తోచినది.

పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన, శ్రీకాకుళము ప్రాంతమున, వంశధారానదీతీరమునందలి శ్రీముఖలింగ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు రెవిన్యూశాఖలో ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. బాలునకు పండ్రెండేండ్ల ప్రాయమున, 1875లో, తండ్రి గతించెను. అంతట విజయనగరములోని బంధువుల ఇంట చేరి, మహారాజావారి పాఠశాలలో చదువు సాగించిరి. అచ్చట ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. ఒకే బడిలో చదువుకొన్న ఈ బాలురిరువురు ముందుకాలమున తెలుగు వచనము నడకనే మార్చువారగుదురని ఆనాడెవ్వరు నూహించి యుండరు. 1879లో మెట్రిక్యులేషన్ పరీక్షలో కృతార్థులై, మరుసటి సంవత్సరమే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి. కుటుంబభారము మీదనుండుటచే కళాశాలకు పోవుట సాధ్యపడలేదు. ఉద్యోగము చేయుచునే స్వయముగా చదివి బి. ఏ. పట్టము నందిరి.

చరిత్రపాఠము చెప్పుట ఆయన వృత్తి. కాని పాఠ్యపుస్తకములోని చరిత్రతో తృప్తిపడువారు కారు. శాసనలిపులను ఎవరి సాయము లేకయే నేర్చుకొని, ముఖలింగ దేవాలయపు రాళ్లమీది వ్రాతలను తామే చదివిరి. పాతమాటలమీద ఆయనకు గల మక్కువ అంతటిది. ఈ విషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. వాడుకభాషకై పోరాడినవాడు ప్రాచీనభాష తెలియక పోరాడెనని పలువురు తలతురు. అది పొరపాటు.

పర్లాకిమిడి కొండల అంచున నున్న ఊరు. తెలుగు, ఒరియా అచ్చట కలసియుండెడివి. పొలిమేర ఊళ్ల సంగతి రొళ్లవారికి వేరుగా చెప్పనక్కరలేదు; ఇంట తెలుగు, సంతలో కన్నడము పలుకుట మనకు పుట్టుకతో వచ్చిన విద్య. అయితే పర్లాకిమిడిలో మూడవ భాష యొకటి యుండెను. కొండలనుండి దిగివచ్చు సవరల భాష అది. తెలుగునకుగాని, ఒరియాకుగాని దానితో చుట్టరికము లేదు. అది ముండా కుటుంబమునకు చెందినది. దానికి ఆనాడు లిపి లేదు, పుస్తకము లేదు, వ్యాకరణము లేదు. సవరలు సంతకు వచ్చి తమ సరుకులమ్ముకొని పోవుదురేగాని, వారి భాష నేర్వవలెనని ఊరివారిలో నెవ్వరికిని తోచలేదు. పంతులుగారికి తోచినది. తెలుగు, సవర రెండును తెలిసిన ఒకనిని తమ యింట నుంచుకొని, మాట తరువాత మాట విని, వ్రాసికొని, సరిచూచుకొనుచు నేర్చిరి. కొండలమీదికి పోయి వారితో నివసించిరి. అచ్చటి చలిజ్వరము ఆయనను పట్టినది. జ్వరమునకు క్వినైను పుచ్చుకొని పుచ్చుకొని చెవులు దెబ్బతిన్నవి. మనుష్యుల నోటిమాట వినుటయే జీవితకార్యముగా పెట్టుకొన్నవానికి వినికిడి పోవుటకంటె కఠినమైన శిక్ష మరియొకటి యుండునా! అయినను ఆయన మానలేదు. సవరభాషలో వాచకములు, కథలు, పాటలు సమకూర్చిరి. తమ సొమ్ముతో సవర పిల్లలకు బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, వారి భాషలోనే వారికి చదువు చెప్పించిరి. 1913లో ప్రభుత్వమువారు రావు బహదూరు బిరుదమిచ్చిరి. 1931లో ఆయన ఆంగ్లమున రచించిన సవరభాషా వ్యాకరణమును మదరాసు ప్రభుత్వము ప్రచురించినది. అది సుమారు ముప్పదియైదేండ్ల కృషికి ఫలము. తరువాత సవర నిఘంటువును గూడ సిద్ధము చేసిరి.

ఆయన తెలుగుభాషాసిద్ధాంతమునకు మూలము ఈ సవరకొండలలోనే కలదని నా నమ్మకము. పుస్తకమే లేని భాషను నేర్చుకొనువానికి తప్పొప్పులు చెప్పు ఆధారము మాటలాడువాని నోరు తప్ప వేరొండు లేదు. సవర ముసలివాడు ఎట్లు పలికిన అదియే ఒప్పు. పంతులుగారి కాగితముమీది సూత్రము దానికి కుదరనిచో, దిద్దుకొనవలసినది సూత్రమే. ఇరువదియేండ్లు ఈ పాఠము నేర్చినవాడు తెలుగుబడిలోనికి తిరిగి వచ్చి చూచునప్పటికి అచ్చట అంతయు తలక్రిందుగా కనబడినది.

ఆనాటి తెలుగుబడి స్థితిని కొంచెము వివరింపవలెను. పరవస్తు చిన్నయసూరిగారు 1853లో నీతిచంద్రికను, 1858లో బాలవ్యాకరణమును ప్రకటించిరి. సూరిగారు అసాధారణ ప్రతిభావంతులు. ఆయన వచనము శిల్పమువంటిది. కాని వారి వ్యాకరణము చాలవరకు వందల సంవత్సరములనాటి పద్యకావ్యముల భాషను బట్టి చేసినది. తరువాతివారు దానిని బడిపిల్లల వచనరచనకు శాసనముగా చేసిరి. పిల్లవాడు ఇంటిలో వచ్చాడనునో, వచ్చినాడనునో. కాగితముమీద మాత్రము అరసున్న పెట్టి వచ్చినాఁడు అనియో, వచ్చెను అనియో వ్రాయవలెను. ఎక్కడ బండిఱ, ఎక్కడ సాధురేఫ, ఎక్కడ సంధి నిత్యము, ఎక్కడ వైకల్పికము, ఏది ద్రుతప్రకృతికము, ఏది కళ అని తడవుకొనుచుండగా చెప్పదలచిన సంగతి చేజారిపోవును. చూచుట యనక కాంచుట, పోవుట యనక అరుగుట, ఇల్లనక నికేతనము అనిన మార్కులెక్కువ. పదేండ్లు చదివి, ఇంటికి క్షేమసమాచారము వ్రాయుటకు పెన్ను కదలని విద్యార్థులు తయారగుచుండిరి.

ఈ అపూర్వపద వ్యామోహము పిల్లలకు పెద్దలనుండియే సంక్రమించెను. ఆంధ్రభాషాసంజీవనిని 1871లో స్థాపించిన కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు గ్రాంథికమును ప్రాణముగా చూచుకొన్నవారు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు సైతము యౌవనమున శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధమును రచించిరి. అనగా సంస్కృతపదము లేకుండ, పెదవులు కలియు అక్షరము లేకుండ, నడుమ వచనము లేకుండ నలచరిత్ర చెప్పుట! అట్టి గారడీ చేయగలవారు లోకములో ఎందరుందురు? కాని వితంతువుల దుఃఖమునుగూర్చి, లంచములనుగూర్చి జనులకు చెప్పవలసివచ్చినప్పుడు ఆ గారడీ పనికిరాదని వీరేశలింగముగారికి త్వరలోనే తెలిసినది. 1874లో వివేకవర్ధనిని స్థాపించిన పిమ్మట వారి వచనము నానాటికి తేటపడెను.

1906 ప్రాంతమున జె. ఏ. యేట్సు అను ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చెను. జనుల నోట వినబడు తెలుగునకును, బడిలో చెప్పు తెలుగునకును గల అంతరము ఆయనకు వింతగా తోచినది. మనకు పుట్టినది మొదలు అలవాటైన వింత గనుక మన కంటికి ఆనలేదు. విశాఖపట్టణములో కళాశాలాధ్యక్షులుగా నుండిన పి. టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ అప్పారావుగారు, రామమూర్తి పంతులుగారు ఈ విషయమున ఆయనతో ఏకీభవించిరి. ఈ నలువురి కలయికతో వ్యావహారిక భాషోద్యమము ఆరంభమైనది. 1911లో పంతులుగారు ఉపాధ్యాయవృత్తినుండి విరమించి, మిగిలిన కాలమంతయు దీనికే ధారపోసిరి.

1912, 13 సంవత్సరములలో స్కూలు ఫైనలు వ్యాసపరీక్షను ప్రాచీనభాషలోగాని, ఆధునికభాషలోగాని వ్రాయవచ్చునని అధికారులు అనుమతించిరి. దానితో ఆంధ్రదేశమున దావానలము రగిలినది. జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వమున ఆంధ్రసాహిత్యపరిషత్తు, వేదము వేంకటరాయశాస్త్రిగారు, వావిలికొలను సుబ్బారావుగారు మొదలగు ఉద్దండులు ఎదిరించిరి. ఊరూర సభలు, తీర్మానములు, అర్జీలు. వేదమువారి విషయమున ఒక చమత్కారము చెప్పవలెను. తమ ప్రతాపరుద్రీయ నాటకమున పాత్రోచితభాష పేర సామాన్యుల నోట సామాన్యుల పలుకులనే పెట్టి రక్తికట్టించిన ఘనత వారిదే. రంగస్థలముమీద ముద్దువచ్చిన మాట పరీక్షకాగితముమీద ముల్లైనది.

రామయ్య పంతులుగారు గ్రాంథికమును సమర్థించుచు ఆంగ్లమున గ్రంథము ప్రకటింపగా, రామమూర్తి పంతులుగారు 1913లో ఆధునికాంధ్రభాషనుగూర్చిన విజ్ఞాపనగ్రంథమును ఆంగ్లముననే ప్రచురించిరి. 1914లో గురజాడవారు తమ అసమ్మతిపత్రమును సమర్పించిరి. ఇవి యన్నియు బూడిదలో పోసిన పన్నీరైనవి. 1915లో ప్రభుత్వము ఆ స్వేచ్ఛను రద్దుచేసినది. ఆ సంవత్సరము నవంబరు 30న అప్పారావుగారు మరణించిరి. చిన్ననాటి చెలికాడు పోయెను, చేతికందిన విజయము పోయెను, వినికిడి పోయెను. పంతులుగారికి అప్పటికి ఏబదిరెండేండ్లు.

ఇచ్చట గ్రంథాలయమువారమైన మనము తలచుకొనదగిన దొకటి కలదు. పరీక్షలో పిల్లలు తమ నోటిమాట వ్రాయవచ్చునా, కూడదా యని పండితులు వాదించుచున్న ఆ 1914లోనే, ఏప్రిల్ 10వ తేదీన, బెజవాడలో అయ్యంకి వేంకటరమణయ్యగారి కృషితో ప్రథమ ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినది. ఊరూర పుస్తకభాండాగారము పెట్టవలెనని అచ్చట సంకల్పించిరి. పుస్తకమును పల్లెకు చేర్చువారొకవంక, పల్లెవానికి తెలియని భాషలోనే పుస్తకముండవలెనని పట్టుబట్టువారొకవంక! బండి ఎటు సాగవలెనో కాలమే తేల్చినది.

1916 మొదలు పంతులుగారు ఆంధ్రదేశమంతట తిరిగిరి. పిలిచినచోటికి పోయిరి, పిలువనిచోటికిని పోయిరి. సభలకు పోవునప్పుడు వెంట పుస్తకములు తీసికొనిపోయి, పుట విప్పి సాక్ష్యము చూపి వాదించుట వారి పద్ధతి. ఆ సాక్ష్యములు రెండు విధములు. గ్రాంథికమే వ్రాయవలెనను పండితులు తామైనను దానిని తప్పులేకుండ వ్రాయలేకున్నారని చూపుట మొదటిది. ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజమను గ్రంథము ఇందులకే పుట్టినది. పేరుమోసినవారి వాక్యములను తీసి, వారు నమ్మిన వ్యాకరణముతోనే తూచి, తప్పులు పట్టిరి. పండితులకు కోపము వచ్చుటలో వింతయేమున్నది? నిజము చెప్పవలెనన్న, పంతులుగారు కొన్ని యెడల కోపమునకు అవసరమైనదానికంటె ఎక్కువ కారణమే ఇచ్చిరి. ఒక్క తప్పు చాలినచోట పది చూపిన, ఎదుటివాని మనస్సు మారదు, విరుగును.

రెండవ సాక్ష్యము ఇంతకంటె విలువగలది. మన పూర్వులు పద్యమునకొక భాషను, వచనమునకొక భాషను వాడిరనియు, వచనమునకు ఎల్లప్పుడును తమ కాలపు వాడుకకు దగ్గరగా నుండు భాషనే చేపట్టిరనియు ఆయన నిరూపించిరి. కావ్యములకు వ్రాసిన టీకలు, దక్షిణాంధ్ర వచనగ్రంథములు, 1830, 31 సంవత్సరములలో ఏనుగుల వీరాస్వామయ్యగారు చేసిన కాశీయాత్ర చరిత్ర, కైఫీయతులు, లేఖలు ఇందులకు ఆధారములు. గద్యచింతామణి యను గ్రంథమున ఇట్టివానిని కూర్చి చూపిరి. కైఫీయతులన్నచో మనకు పరాయివి కావు. మెకంజీ దొర కాలమున దత్తమండలముల గ్రామకరణములు మొదలగువారు తమ ఊళ్ల చరిత్రలను తమకు వచ్చిన తెలుగులో వ్రాసి యిచ్చినవే యవి. వారిలో బాలవ్యాకరణము నెరిగినవా డొక్కడును లేడు. అది అప్పటికి పుట్టలేదు. అయినను వారు వ్రాసినది నేటికిని మనకు తెలియుచున్నది.

మోటుమాటలను పుస్తకములకెక్కించుటకే పంతులుగారు పూనుకొన్నారని ప్రతిపక్షులు ప్రచారము చేసిరి. ఆయన కోరినది గ్రామ్యము కాదు, శిష్టవ్యావహారికము. చదువుకొన్నవారు నలుగురిలో మర్యాదగా మాటలాడు భాషలో వ్రాయవలెననుటయే వారి మతము. పద్యకావ్యములను ప్రాచీనభాషలో చదువవద్దనియు ఆయన అనలేదు. చదువుట వేరు, ఆ భాషలో వ్రాయుమని నిర్బంధించుట వేరు.

కాని ఇచ్చటనే నాకొక సందేహము. శిష్టులెవ్వరు? క్రమముగా స్థిరపడిన శిష్టవ్యావహారికము ప్రధానముగా కృష్ణా గోదావరీ మండలముల విద్యావంతుల భాష. వచ్చాడన్నది శిష్టమైనది; మన వచ్చినాడన్నది పక్కకు తొలగినది. విచిత్రమేమన, వచ్చినాడన్న మన రూపమే పాతపుస్తకమునకు చేరువ. వేరుశనగ అచ్చులోనికెక్కినది, చెనిక్కాయ పొలముననే మిగిలినది. కావ్యభాష మన పిల్లవాని నోరు కట్టివేసిన మాట నిజము. తరువాత వచ్చిన పత్రికాభాషయు వానిని కొంత జంకించిన మాట నిజము. ఈ లోపమును పంతులుగారిమీద వేయుట న్యాయము కాదు. సవరవాని పలుకునకే పట్టము కట్టిన మనస్సు ఆయనది; ఎనుమును వలదనువారు కారు.

నేను ఈ వ్యాసమును వ్రాయుచున్న భాషను చూచి పాఠకులు నవ్వుకొనుచుందురేమో. వ్యావహారికోద్యమ నాయకుని చరిత్రను చెను, చిరి యని వ్రాయుట ఏమి న్యాయమని అడుగవచ్చును. ఇట్టి సంచికలకు ఈ ఫణితి మా పెద్దలనుండి అలవాటైనది. చేయి దానినే పట్టుకొని నడచుచున్నది. అయినను క్రియారూపము పాతదైనంత మాత్రమున భావము చీకటి కానక్కరలేదని నా మనవి. మన అనంతపురసీమలోని రాళ్లపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మగారు వేమననుగూర్చి చేసిన ఉపన్యాసములను ఈనాటికిని సామాన్యపాఠకుడు ఆదరముతో చదువగలడు. వారు పాతరూపములను వాడిరి గాని, పాఠకుని వెలివేయుటకై మాటలను వెదకలేదు. ఈ తారతమ్యము పంతులుగారికి తెలియక పోలేదు. వారి పోరాటము నిర్బంధముమీదనే.

1919 ఫిబ్రవరి 28న రాజమహేంద్రవరమున వర్తమానాంధ్రభాషా ప్రవర్తక సమాజము వెలసినది. దానికి అధ్యక్షులెవరు? నిరోష్ఠ్య నైషధము వ్రాసిన వీరేశలింగము పంతులుగారే! చాలకాలము గ్రాంథికపక్షమున నున్న ఆ వృద్ధుడు, తన వాక్యములలో తప్పులు పట్టినవానితోనే చేయి కలిపెను. మూడు నెలలకే, మే 27న, ఆయన దివంగతులైరి. ఆ సంవత్సరమే రామమూర్తి పంతులుగారు తెలుగు అను మాసపత్రికను నడపిరి. అది ఏడాదికంటె సాగలేదు. 1924లో, కాకినాడలో, ఆంధ్రసాహిత్యపరిషత్తు వ్యావహారికముపైనున్న నిషేధమును తొలగించుకొన్నది.

పరిషత్తువారికి చెల్లవలసినది వారికి చెల్లింపవలెను. మాటలమీద మమకారముతో వారు తలపెట్టిన పని యొకటి కలదు. పిఠాపురాధీశుని పోషణమున రూపొందిన శ్రీసూర్యరాయాంధ్ర నిఘంటువు అది. దాని ప్రథమసంపుటము 1936లో వెలువడెను. అపూర్వశబ్దము నిలువవలసిన చోటు అట్టిది. అవసరమైనవాడు వెదకికొనిపోవును, అవసరము లేనివానికి అడ్డురాదు. పంతులుగారు సవరమాటలకు కట్టిన నిఘంటువును దీనిప్రక్క నుంచి చూచిన, ఇరుపక్షములవారును ఒకే జబ్బు మనుష్యులని తోచును.

యువకవుల ప్రయోగములపై పండితులు విరుచుకొనిపడినప్పుడు, వారి పక్షమున పంతులుగారు బాలకవిశరణ్యమును వ్రాసిరి. 1933లో రాజమహేంద్రవరమున వారి సప్తతి మహోత్సవము జరిగినది. 1938లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించినది. ఈ రెంటి నడుమ వచ్చిన దుఃఖము మాత్రము ఈ గౌరవములతో తీరునది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడగా పర్లాకిమిడి అందులో చేరిపోయెను. ఏబదియారేండ్లు కాపురమున్న ఊరిని విడిచి, డెబ్బదిరెండేండ్ల వయస్సున పంతులుగారు రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. తాము బడులు పెట్టిన కొండలు, చదువు చెప్పిన వీధులు వెనుక నిలిచినవి. రాష్ట్రమునకును రాష్ట్రమునకును నడుమ గీసిన గీత ఇండ్లలోనికెట్లు ప్రవేశించునో మనకును తెలియును.

వారి శిష్యులలో నొకరైన తాపీ ధర్మారావుగారు జనవాణిని వాడుకభాషలో నడపి, వార్తలను, సంపాదకీయములను జనుల తెలుగులో వ్రాయవచ్చునని చూపిరి. తక్కిన పత్రికలు చాలవరకు ఇంకను సందేహించుచుండెను. 1940 జనవరి 15వ తేదీన, ప్రజామిత్ర కార్యాలయమున కూడిన పత్రికాసంపాదకుల ముందు ఆ వృద్ధుడు నిలిచి, జనులకు తెలియు భాషలో పత్రికలను నడపుడని కడసారి విన్నవించుకొనెను. సరిగా వారము దినములకు, జనవరి 22న, పంతులుగారు కన్నుమూసిరి. వారి జన్మదినమైన ఆగస్టు 29ని నేడు తెలుగుభాషాదినముగా జరుపుచున్నారు.